నలభైతొమ్మిది మెట్లు

ముందు టేబుల్ కొలిచాను, జానతో.
నాలుగు జానలు. పైన బెత్తెడు కూడా లేదు.
అది నాది కాదు, దమయంతి కుట్టుమిషన్ టేబుల్.
పగలంతా దానిమీద జాకెట్లు.
రాత్రి పదిన్నర దాటాక
మిషన్ లోపలికి మడిచి పెడితే, నేను.

గుణుపురంలో, జీడిపిక్కల గోదాం వెనక గది.
గోడలకి గోనెసంచులు నేనే కొట్టాను.
ఇక్కడ అన్న మాట గోడ తగిలి తిరిగిరాదు,
సంచిలో కూర్చుంటుంది.
ఆటోల మీద మైకులో తిరిగే బట్టలకొట్టు కేక
తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి,
దాని వెనకాల వినిపించే రెండు ముక్కల సంగీతం నాదే.
ఇన్నాళ్లూ మౌస్‌తో ఒక్కో చుక్కా పెట్టుకుంటూ రాశాను.
ముగ్గు వేసినట్టనుకునేరు,
కాదు, బియ్యంలో రాళ్లేరినట్టు.

ఎనభైఎనిమిది మెట్లది కొంటే
తల గుమ్మంలో, కాళ్లు వీధిలో.
అరవైఒకటి మీద మూడువారాలు మనసుపడ్డాను,
కలలోనూ బెత్తెడు ఎక్కువే వచ్చింది.
ఇరవైఐదు సంచిలో పడుతుంది గానీ
ఎడంచేతికి చోటుండదన్నాను.
"నీకు ఎడంచెయ్యి ఎప్పుడుందిలే" అంది దమయంతి.
నిజమే.
భజనల్లో పదహారేళ్లు హార్మోనీ వాయించాను.
ఎడంచెయ్యి గాలి కొట్టడమే తప్ప
ఒక్క స్వరం ఎరగదు.

బెరంపురం వెళ్లాను.
కొట్లో కరెంటు లేదు, కంప్యూటర్ అంతకన్నా లేదు.
పెట్టె విప్పి బల్లమీద పెట్టి "వాయించండి" అన్నాడు.
వాయించాను.
ప్లాస్టిక్ టకటక. అంతే.
దీనికి సొంత గొంతుండదు.
ఏ మెట్టు, ఎంత గట్టిగా, ఎంతసేపు,
ఆ కబురు మోసుకెళ్లి ఇస్తుంది.
పాడేది ఇంకెవరో.
తబలా బిగించుకోడానికొచ్చిన ముసలాయన
కాసేపు చూసి ఒడియాలో అడిగాడు:
"బాబూ, ఏం వినిపిస్తోంది?"
"ఇంకా ఏం లేదు" అన్నాను.
సరే, వాయించు, అన్నట్టు చెయ్యూపాడు.

ఆ టకటకని బట్టే ఎంచాను.
మా పిల్ల మిషన్ పక్కనే పడుకుంటుంది మరి.
ఒకదాని మెట్లు గవ్వల్లా గలగలమన్నాయి, పక్కన పెట్టించాను.
ఇంకోటి మెత్తగానే ఉంది,
కానీ దానికి చక్రం లేదు, వేలితో రాసే పట్టీ ఉంది.

చక్రం ఎందుకంటే
సొంబారి సంగతి చెప్పాలి.
పుట్టాసింగి వైపునించి సంతకొస్తుంది, కొండచీపుర్లతో.
కిందటి మాఘంలో ఈ సంచుల మధ్య కూర్చుని
సవర పాట ఒకటి పాడింది.
నేను హార్మోనీతో శృతి పట్టబోయాను.
తెల్లమెట్టు నొక్కితే తక్కువ,
నల్లమెట్టు నొక్కితే ఎక్కువ.
ఆవిడ స్వరం సందులో ఉంది.
రెండుసార్లు ఆగింది నాకోసం.
మూడోసారి నవ్వేసి
"నీ పెట్టెకి దారి తెలీదు" అని
చీపుర్లు ఎత్తుకుంది.

ఆ సందులోకి దిగాలంటే
బొటనవేలితో తోసే చక్రం కావాలి,
వదిలితే తనంతట తనే నడిమికి వచ్చేది.

నలభైతొమ్మిది. చక్రం ఉంది. మెట్టు మెత్తన.
మూడువందలు తగ్గించాడు, తొడుగు మాత్రం ఇవ్వలేదు.
తొడుగు దమయంతి కుట్టింది,
ఎవరెవరివో లైనింగు ముక్కలు కలిపి.
"ఏటి, ఇది పాడదా?"
"పాడదు. చెప్తాది."
"కాలికేటీ లేదా మరి?"
"ఉంది, వేరే కొనాల."
"అయితే ఇప్పుడు కాదు" అంది, దారం కొరుకుతూ.

రేపు సంత. సొంబారి వస్తుందో రాదో.
కరెంటు ఉంది, పిల్ల నిద్రపోతోంది.
ఒక్క మెట్టే నొక్కిపట్టి
చక్రాన్ని కొంచెం, ఇంకొంచెం తోస్తున్నాను.
ఎడంచేత్తోనే.
కాలు ఎప్పుడు పెట్టానో మిషన్ పెడల్ మీదుంది.
కింద పెద్దచక్రం పావుచుట్టు తిరిగి
ఆగింది.